ఒక లెక్కల పెట్టె, ఇరవై నాలుగు మంది పిల్లలు: ఏడాది వాడాక నా అభిప్రాయం

కిందటి జూన్‌లో బడి తెరిచిన వారంలోనే, పిల్లలు చేతులతో చేసి లెక్కలు నేర్చుకునే వస్తువులున్న ఈ లెక్కల పెట్టె కొన్నాను. ధర 4,850 రూపాయలు. సగానికి పైగా పాఠశాల గ్రాంటులోంచి, మిగతాది నా జీతంలోంచి పెట్టాను. ఏప్రిల్ ఆఖరులో సెలవులు ఇచ్చేదాకా దాదాపు ప్రతి రోజూ వాడాం. ఇలాంటిది కొనవచ్చా అని అడుగుతున్న తోటి ఉపాధ్యాయుల కోసం, ఇంట్లో పిల్లలకు కొనిపెట్టాలనుకునే తల్లిదండ్రుల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులకు ఇద్దరం ఉపాధ్యాయులం. ఒకటి, రెండు తరగతులు ప్రధానోపాధ్యాయులు చూసుకుంటారు. మూడు, నాలుగు, ఐదు నావి. మూడింటిలో కలిపి ఇరవై నాలుగు మంది, ఒకే గది. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతా రెండు తరగతుల పిల్లల చేతుల్లో ఏదో ఒక పని ఉండాలి. లేకపోతే గది నిలవదు. అందుకని చేతితో చేసే పని మాకు పాఠం మధ్యలో వచ్చే ఆటవిడుపు కాదు, బడి నడవడానికి కావలసిన ఆధారం.

తయారీదారు పేరు, దుకాణం పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు బజారులో రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి, లోపలి సరుకు మాత్రం దాదాపు ఒకటే. ఏ పెట్టె అయినా ఏ వస్తువు ఎలా ఉందో చూసి కొనాలో చెప్పగలిగితే చాలు.

పెట్టెలో ఉన్నవి ఇవి: చెక్కతో చేసిన పదుల దిమ్మెలు, వంద పూసల గణితమాల, అబాకస్ అని మనం పిలిచే పూసల చట్రం, ప్లాస్టిక్ గడియారం, భిన్నాల బిళ్లలు, చిన్న త్రాసు, మేకులకు రబ్బరు బ్యాండ్లు తగిలించి ఆకారాలు చేసే జియోబోర్డు, పాచికలు, ఘనాకృతులు, ఒక కరదీపిక. ఆ కరదీపిక ఇంగ్లిషులో, హిందీలో మాత్రమే ఉంది. తెలుగు రాష్ట్రాల బడులకు అమ్మే వస్తువులో నాలుగు పేజీల తెలుగు పెట్టకపోవడం నాకు బాధ కలిగించింది. అనుభవం ఉన్నవారికి అది లేకపోయినా పని జరుగుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన వారికి మాత్రం ఆ పెట్టె తెరవాలంటేనే జంకుగా ఉంటుంది.

పెట్టెకు ప్రాణం ఆ పదుల దిమ్మెలే. మైనంపాడు డైట్‌లో, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, మేము శిక్షణ పొందేటప్పుడు వీటిని డీన్స్ బ్లాకులు అనేవారు. 1916లో బుడాపెస్ట్‌లో పుట్టిన జోల్టన్ డీన్స్ అనే గణితవేత్త వీటిని తరగతి గదుల్లోకి తెచ్చారు. అంతకు ముందే మరియా మాంటిస్సోరి పూసలతో ఇదే పని చేయించారు: ఒక విడి పూస, పది పూసల కడ్డీ, వంద పూసల చదరం, వెయ్యి పూసల ఘనం. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మన పక్కనే అంత పని జరిగిందని తలచుకున్నప్పుడల్లా నాకు ఉత్సాహంగా ఉంటుంది.

మా పెట్టెలో ఒకట్ల ఘనాలు 100, పదుల కడ్డీలు 10, వందల పలకలు 10, వెయ్యి ఘనం 1. మొత్తం 121 ముక్కలు. చెక్క నునుపుగా ఉంది, అంచులు గుచ్చుకోవు, రంగు చేతికి అంటలేదు. పది ఒకట్లను వరుసగా పేర్చి పక్కన కడ్డీ పెడితే సరిగ్గా సమానంగా వచ్చాయి. కొనేటప్పుడు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయండి. పది ఘనాలు కలిపితే కడ్డీ కన్నా పొడవో పొట్టో అయితే, ఆ పెట్టె ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

అయితే పెట్టె రాగానే దిమ్మెలు పిల్లల చేతికి ఇవ్వలేదు. మొదటి మూడు వారాలు కొబ్బరి చీపురు పుల్లలతోనే నడిపాను. కారణం చెబుతాను.

నాలుగో తరగతిలో ఒక అబ్బాయి 52లోంచి 27 తీసేయమంటే పలక మీద 35 అని రాశాడు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు. ఏ వరుసలో అయినా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడం అలవాటైపోయింది. అతను ఒక్కడే కాదు, ఆ రోజు గదిలో తొమ్మిది మంది అదే జవాబు రాశారు. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా మర్నాటికి మళ్లీ అదే.

పుల్లలు ఒకే పొడవుకు కత్తిరించి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించాను. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఆ అబ్బాయి ముందు పెట్టి, "నాకు ఇరవై ఏడు ఇవ్వు నాన్నా, ముందు ఏడు పుల్లలు ఇవ్వు" అన్నాను. ఉన్న రెండూ ఇచ్చాడు. ఇంకా ఐదు కావాలన్నాను. కట్టల వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఒక కట్ట చేతిలోకి తీసుకుని, బ్యాండు మీద వేలు పెట్టి, "విప్పవచ్చా టీచర్?" అని అడిగాడు.

తీసివేత మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. మనం తరతరాలుగా "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని నేర్పుతున్నాం. అప్పు అంటే తిరిగి తీర్చాలి కదా, ఈ అప్పు ఎవరూ తీర్చరు. అది అప్పు కాదు, మన దగ్గరున్న కట్టనే మనం విప్పుకోవడం. ఆ రోజు నుంచి మా గదిలో అప్పు అన్న మాట మానేశాం. "కట్ట విప్పాను టీచర్" అంటున్నారు పిల్లలు.

చెక్క కడ్డీకి ఈ గుణం లేదు. అది విడిపోదు. దిమ్మెలు ఇచ్చిన మొదటి రోజే మూడో తరగతి పిల్లవాడు ఒక కడ్డీని మోకాలికి ఆనించి విరవబోయాడు. పుల్లల దగ్గర నేర్చుకున్నదే అక్కడా చేశాడు, అందులో తప్పేముంది? కడ్డీని ఇచ్చి పది ఒకట్లు తెచ్చుకోవాలని అప్పుడు చెప్పాను. గదిలో ఒక మూల బల్ల వేసి మిగిలిన దిమ్మెలన్నీ అక్కడ పెట్టాం. పిల్లలే దానికి చిల్లర కొట్టు అని పేరు పెట్టారు. పది రూపాయల నోటుకు చిల్లర తెచ్చుకున్నట్టే కడ్డీకి ఒకట్లు, పలకకు కడ్డీలు. కట్ట విప్పడం చేతికి అలవాటైన పిల్లలకు చిల్లర మార్చడం ఒక్క పూటలో వచ్చేసింది. పుల్లలు లేకుండా నేరుగా దిమ్మెలతో మొదలుపెడితే, పిల్లలకు కడ్డీ అంటే పొడుగాటి చెక్కముక్క మాత్రమే. అందులో పది ఉన్నాయని మనం చెబితే నమ్ముతారు తప్ప తమంతట తాము చూడరు.

ఇక్కడే పెట్టెలోని పెద్ద లోపం బయటపడింది. 302లోంచి 178 తీసేయాలనుకోండి. మూడు పలకలు, రెండు ఒకట్లు ఉంటాయి. కడ్డీలు లేవు. ఒక పలక మార్చి పది కడ్డీలు తెచ్చుకోవాలి. వాటిలో ఒకటి మార్చి పది ఒకట్లు తెచ్చుకోవాలి. అప్పుడు రెండు పలకలు, తొమ్మిది కడ్డీలు, పన్నెండు ఒకట్లు అవుతాయి. తీసేయగా ఒక పలక, రెండు కడ్డీలు, నాలుగు ఒకట్లు మిగులుతాయి. జవాబు 124. సున్నా ఉన్న తీసివేత ఇంత స్పష్టంగా కనిపించే మార్గం నాకు మరొకటి తెలియదు. కానీ పెట్టెలో ఉన్నవే పది కడ్డీలు. ఒక బృందం ఒక్క పలక మార్చగానే చిల్లర కొట్టు ఖాళీ. మిగతా ఐదు బృందాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. "తరగతికి సరిపడా" అని పెట్టె మీద అచ్చు వేశారు, నిజానికి అది నలుగురు పిల్లలకు సరిపడా.

ఆ ఇబ్బంది ఊళ్లోనే తీర్చుకున్నాం. మా ఊరి వడ్రంగి దగ్గరకు ఒక కడ్డీ నమూనాగా తీసుకెళ్లాను. ఆయన మనవరాలు మా బడిలోనే చదువుతోంది. మిగిలిన చెక్క ముక్కల నుంచి అరవై కడ్డీలు కోసి, చిత్రిక పట్టి ఇచ్చి మూడు వందల రూపాయలు తీసుకున్నారు. పిల్లలు వాటి మీద స్కేలు పెట్టి సెంటీమీటరుకు ఒకటి చొప్పున గీతలు గీశారు. గీతలు కాస్త వంకరగా ఉన్నా, ఆ కడ్డీలో పది ఉన్నాయని ఇప్పుడు ఎవరూ వాళ్లకు చెప్పనక్కరలేదు. వందల పలకలకు గ్రాఫు కాగితాన్ని అట్ట మీద అతికించాం.

మరొక ఉపయోగం నేను అనుకోనిది. ఇప్పుడు మా పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉంటాయి. పిల్లలు సంఖ్యలను ఇంగ్లిషులో చదవడం మొదలుపెట్టాక థర్టీన్ అంటే 30, థర్టీ అంటే 13 రాయడం ఎక్కువైంది. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో ఆ చిక్కు లేదు: పదమూడు, ముప్పై. పైగా పదమూడు అన్న మాటలో పది ముందు వస్తుంది, మూడు తరువాత వస్తుంది. కడ్డీ ఎడమ పక్కన, మూడు ఒకట్లు కుడి పక్కన పెట్టినట్టే. ఇంగ్లిషు మాటలో మూడు ముందు వస్తుంది, పది తరువాత. అందుకని ముందు దిమ్మెలు పేర్చి, తెలుగులో పేరు చెప్పి, ఆ తరువాతే ఇంగ్లిషు పేరు చెప్పమన్నాను. రెండు నెలల్లో ఆ తప్పు చాలావరకు పోయింది. ఇంగ్లిషు మాధ్యమంలో బోధిస్తున్నవారు ఈ వరుస ఒకసారి పాటించి చూడండి.

గణితమాల సంగతికి వస్తాను. వంద పూసలు, పది ఎరుపు, పది తెలుపు, మళ్లీ పది ఎరుపు. గోడకు అడ్డంగా కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పుతో సంఖ్యను గుర్తించడం ఆట. 47 చూపించమంటే నాలుగు రంగులు దాటి ఏడు పూసలు లెక్కపెట్టాలి. మొదట్లో ఒకటి నుంచి మొదలుపెట్టి నలభై ఏడు దాకా వేలితో లెక్కపెట్టుకుంటూ పోయేవారు. వారం తిరిగేసరికి రంగులను బట్టి పదులు దూకడం నేర్చుకున్నారు. ఇంకొందరు 50 దగ్గరకు వెళ్లి మూడు వెనక్కు వచ్చారు. అది నేను నేర్పింది కాదు.

జూలైలో ఒక రోజు మూడో తరగతి అమ్మాయి, చాలా తక్కువ మాట్లాడుతుంది, 100 నుంచి వెనక్కు లెక్కపెట్టి 65 మీద క్లిప్పు పెట్టింది. ముందు నుంచి లెక్కపెట్టిన అబ్బాయి క్లిప్పు దాని పక్క పూస మీద ఉంది. ఇద్దరూ వాదించుకుంటున్నారు. మళ్లీ లెక్కపెట్టమన్నాను. ఆ అమ్మాయి మళ్లీ లెక్కపెట్టింది, అదే పూస. అప్పుడు తనంతట తాను దండ మొదటి నుంచి ఒక్కో రంగునూ వేళ్లతో తడుముతూ వచ్చింది. ఏడో రంగు దగ్గర ఆగింది. రెండుసార్లు తడిమింది. "టీచర్, ఈ ఎరుపులో పదకొండు ఉన్నాయి" అంది.

వెళ్లి చూశాను. నిజమే. తయారు చేసినవారు ఒక పూస ఎక్కువ గుచ్చారు. నెల రోజులుగా గోడ మీద వేలాడుతున్న దండలో ఆ తప్పు నా కంట పడలేదు. గది అంతా చప్పట్లు కొట్టింది. అందరి ముందు దారం విప్పి, ఆ పూసను తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఇప్పటికీ పెన్సిళ్ల డబ్బాలో దాచుకుంది. మీ దండ రాగానే ఒకసారి పదేసి చొప్పున లెక్కపెట్టించండి. పిల్లల చేతే పెట్టించండి.

గడియారం మాత్రం కొనదగినది కాదు. రెండు ముళ్లూ దేనికది విడిగా తిరుగుతాయి. మూడున్నర చూపించమంటే పెద్ద ముల్లు ఆరు మీద, చిన్న ముల్లు సరిగ్గా మూడు మీద పెడుతున్నారు. అసలు గడియారంలో మూడున్నరకు చిన్న ముల్లు మూడుకూ నాలుగుకూ మధ్యలో ఉంటుంది. మూడున్నర అన్న మాటలోనే ఆ సగం దూరం ఉంది. మూడుంబావు, మూడు ముప్పావు కూడా అంతే, చిన్న ముల్లు ఎంత జరిగిందో మన మాటే చెబుతుంది. బొమ్మ గడియారం ఆ సంబంధాన్ని తెంపేసింది. ఐదో తరగతి పిల్లవాడు గోడ గడియారాన్నీ దీన్నీ పక్కపక్కన చూసి, "దీంట్లో చిన్న ముల్లు నిద్రపోతోంది టీచర్" అన్నాడు. మా ఇంట్లో మూలన పడి ఉన్న పాత గోడ గడియారం తెచ్చి, బ్యాటరీ తీసేసి, వెనక ఉన్న చక్రం తిప్పించాను. రెండు ముళ్లూ కలిసి కదిలాయి. పైసా ఖర్చు లేదు. పళ్ల చక్రాలతో రెండు ముళ్లూ కలిసి తిరిగే బొమ్మ గడియారాలూ ఉంటాయి. కొనేటట్లయితే అవే అడిగి కొనండి.

భిన్నాల బిళ్లల గురించి ఎక్కువ రాయను. సగాలు, పావులు సరిగ్గా ఉన్నాయి. మూడింట ఒక వంతు బిళ్లలు మూడు కలిపితే సన్నటి సందు మిగిలింది. మూడు మూడో వంతులు కలిస్తే ఒకటి అని చెప్పవలసిన చోట ఆ సందు ఎంత చేటు చేస్తుందో ఉపాధ్యాయులకు తెలుసు. కాగితపు పట్టీలు మడిపించడమే మేలు.

పూసల చట్రం పనికొస్తుంది, కాకపోతే ఆఖరున వాడాలి. పదుల మేకుకు గుచ్చిన పూస, ఒకట్ల మేకుకు గుచ్చిన పూస చూడటానికి ఒకే పరిమాణంలో ఉంటాయి. విలువ ఎక్కడ గుచ్చామన్న దాన్ని బట్టే మారుతుంది. దిమ్మెలు బాగా అలవాటైన పిల్లలకు ఇది మంచి మెట్టు. ముందే ఇస్తే అయోమయమే.

త్రాసు ప్లాస్టిక్‌ది, రెండు పళ్లేలూ ఖాళీగా ఉన్నా ఒక పక్కకు వాలుతోంది. మార్చి తెప్పిద్దామనుకున్నాను. నాలుగో తరగతి అమ్మాయి, వాళ్ల అమ్మ సంతలో కూరగాయలు అమ్ముతుంది, ముందుకు వచ్చి "ముందు పాసంగం చూడాలి టీచర్" అంది. పైకి లేచిన పళ్లెం అడుగున చిటికెడు బంకమట్టి అంటించి, కొంచెం తీసి, మళ్లీ కొంచెం అంటించి, ముల్లును నిటారుగా నిలబెట్టింది. పాసంగం అంటే ఖాళీ పళ్లేల మధ్య ఉండే బరువు తేడా. ఆ మాట గదిలో సగం మందికి తెలియదు. ఆ అమ్మాయే వివరించింది. ఆ పాఠం ఆ పూటకు తనదే. త్రాసు బాగాలేదని మార్కులు తగ్గిస్తున్నాను గాని, దాన్ని వెనక్కు పంపలేదు.

జియోబోర్డు నాకు బాగా నచ్చింది. ఇరవై ఐదు మేకులు, ఐదు వరుసలు. రబ్బరు బ్యాండ్లు ఎండాకాలంలో పుటుక్కున తెగిపోతున్నాయి, ఒక ప్యాకెట్టు అదనంగా పెట్టుకోవాలి. చుట్టుకొలత 12 ఉండే దీర్ఘచతురస్రాలన్నీ చేయమని ఐదో తరగతికి ఇచ్చాను. మూడు మూళ్లు చేశారు, వైశాల్యం 9. నాలుగు రెళ్లు చేశారు, వైశాల్యం 8. చుట్టుకొలత ఒకటే అయినా వైశాల్యం మారిందని వాళ్లే గమనించారు. ఒక అబ్బాయి "ఐదు ఒకట్లు కూడా అవుతుంది, దీని మీద పట్టదు" అని చుక్కల కాగితం మీద గీసి చూపించాడు, వైశాల్యం 5. చీమకుర్తి వైపు గ్రానైటు పాలిషింగు యూనిట్లలో పనిచేసే తండ్రులు కొందరున్నారు. వాళ్లు తెచ్చిచ్చిన చిన్న చదరపు రాళ్లతో నేల మీద కూడా ఇదే చేయించాను. అంచులు అరగదీయకుండా మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి.

ఘనాకృతులు, పాచికలు మామూలువే. అగ్గిపెట్టె, పౌడరు డబ్బా, బంతి ఇంటి నుంచి తెమ్మంటే ఆ పని అయిపోతుంది.

ఇన్ని ముక్కలు పంచడానికే పావుగంట పట్టేది మొదట్లో. ఇప్పుడు బృందానికో పెరుగు డబ్బా. ఒకట్లు, కడ్డీలు, పలకలు ఎన్నో మూత మీద రాసి ఉంటుంది. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు బృందం నాయకుడు లెక్క చూసుకుంటాడు. ఏడాది తిరిగేసరికి 100 ఒకట్లలో 91 మిగిలాయి. స్టాకు రిజిస్టరులో అలాగే రాసి సంతకం పెట్టాను. ముక్కలు పోతాయన్న భయంతో ఇలాంటి పెట్టెలు బీరువాలో సీలు కూడా తీయకుండా ఉండిపోవడం నేను కళ్లారా చూశాను. పర్యవేక్షణకు వచ్చేవారు పెట్టె కొత్తగా మెరిసిపోతుంటే మెచ్చుకోకండి, అరిగిపోయి ఉంటే మెచ్చుకోండి అని మనవి చేస్తున్నాను. పోయిన ఆ తొమ్మిది ఘనాలు ఏ పిల్లల జేబుల్లోనో ఉన్నాయి. ఉండనివ్వండి.

డబ్బు పెట్టి కొనవలసినవి దిమ్మెలు, జియోబోర్డు. గణితమాల గాజుల దుకాణంలో పూసలు కొని మీరే గుచ్చుకోవచ్చు. దిమ్మెలు విడిగా దొరికితే మొత్తం పెట్టె బదులు దిమ్మెలే మూడు సెట్లు కొనండి. ఇంట్లో ఒక్క బిడ్డ కోసం కొనేవారికి 121 ముక్కల సెట్టు ఒకటి చాలు. దాంతోపాటు ఒక చీపురు కట్ట, ఒక రబ్బరు బ్యాండ్ల ప్యాకెట్టు తెచ్చుకోండి. వాటితోనే మొదలుపెట్టండి.

నేను ఈ జూన్‌కు ఒకటో తరగతి కోసం వడ్రంగికి ఇంకో వంద కడ్డీలు చెప్పాను. వేప చెక్క ఉందట, ఈసారి ఆయన మనవరాలే కొలతలు గీసి ఇచ్చింది.